తప్పు ఇస్త్రీ పెట్టెది కాదు

రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ‘లినెన్ లుక్’ అని ఉంటే ఓ చొక్కా కొన్నా. ఎండాకాలంలో ఒంటికి అంటుకోదు, చెమట ఇట్టే ఆరిపోతుంది. అందుకే వారానికి రెండుసార్లు అదే వేసేవాణ్ని. మొన్న చూస్తే, చేతి మీద ఇస్త్రీ గీత ఉన్నచోటే బ్లేడుతో కోసినట్టు చీలి ఉంది.

నేరుగా ఇస్త్రీ బండి దగ్గరికెళ్లి, “ఏంటన్నా, కాల్చేశావా?” అని గొంతు పెంచా.

“కాలితే మచ్చ పడ్తది గద సార్. ఈ బట్టకు గీత వద్దని అప్పుడే చెప్పిన. మీరే గట్టిగ కొట్టమన్నరు.”

నమ్మలేదు. ఇంటికొచ్చి లోపలి లేబుల్ చూశా. 55 శాతం రామీ, 45 శాతం కాటన్. అసలు రామీ అంటే ఏంటి?

మన గోగునారలాగే ఇదీ కాండం బెరడు నుంచి తీసే నార. ఎక్కువగా పండేది చైనాలో. ఒకసారి నాటితే కొన్నేళ్లపాటు, ఏడాదికి మూడు నాలుగు కోతలు వస్తాయి. తడిస్తే బలం ఇంకా పెరుగుతుంది. ఇన్ని సుగుణాలుంటే అందరం ఇదే ఎందుకు వేసుకోవట్లేదు? ఎందుకంటే బెరడులో నారను పట్టుకుని బోలెడంత జిగురు ఉంటుంది. అది వదిలించడానికే ఖర్చు, శ్రమ.

దక్షిణ కొరియాలోని హన్సాన్‌లో ఆడవాళ్లు ఈ నారను పళ్లతో సన్నగా చీలుస్తారు. కొసలను ఉమ్మితో తడిపి, మోకాలి మీద రుద్ది అతుకుతారు. గాలి పొడిగా ఉంటే పోగు తెగిపోతుందని తేమ ఉన్నచోటే నేస్తారు. ఈ నేతపనిని 2011లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

నా చొక్కా కథ కూడా అక్కడే ఉంది. రామీ లాగితే తెగదు కానీ, సాగే గుణం తక్కువ. ఒకేచోట మళ్లీ మళ్లీ మడిస్తే లోపలి పోగులు విరిగిపోతాయి. రెండేళ్లు వారం వారం అదే గీత మీద పెట్టె నొక్కించింది నేనే.

మీ లేబుల్ మీద రామీ అని ఉంటే గీత కొట్టించకండి. కాస్త తడిగా ఉన్నప్పుడే ఇస్త్రీ చేయించి, మడవకుండా హ్యాంగర్‌కి తగిలించండి.

సాయంత్రం బండి దగ్గరికెళ్లి సారీ చెప్పా. అన్న పెట్టెలో బొగ్గులు సర్దుతూ, “బట్ట పట్టుకుంటే తెలుస్తది సార్” అన్నాడు. నాకు తెలియడానికి లేబులూ, గూగులూ కావాల్సొచ్చాయి.