నలభీములకే గరిటె

మూడు పూటలా పొయ్యి దగ్గర నిలబడేది ఆడది. వంట అద్భుతంగా కుదిరితే మాత్రం "నలభీమ పాకం" అంటారు! నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. మన ఆడవాళ్ళ క్రికెట్ టీముకి కోచ్‌లని ఎంచే తీరు చూస్తే నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

2016 నవంబరులో మన బెజవాడ పక్కనే, మూలపాడులో, వెస్టిండీస్ మీద మన అమ్మాయిలు మూడు వన్డేలూ గెలిచారు. (ట్వంటీ-20లు మూడూ ఓడారనుకోండి, అదీ చెప్పుకోవాలి.) అప్పుడు కోచ్ పూర్ణిమా రావు. హైదరాబాదు మనిషి, ఒకప్పుడు ఆ టీముకే కెప్టెన్. ఆ వెంటనే బ్యాంకాక్‌లో ఆసియా కప్పూ గెలిచారు. 2017 ఫిబ్రవరిలో కొలంబోలో క్వాలిఫైయింగ్ పోటీ నెగ్గి ప్రపంచ కప్పుకి అర్హత తెచ్చుకున్నారు. ఏప్రిల్‌లో ఆవిణ్ణి తీసేశారు. ప్రపంచ కప్పు జూన్‌లో! పప్పు నానబోసి, పిండి రుబ్బి, మూకుడు కాగాక గరిటె తుషార్ అరోథే గారి చేతికిచ్చారన్నమాట. ఆ జులైలో లార్డ్స్‌లో ఫైనల్ దాకా వెళ్ళి 9 పరుగుల తేడాతో ఓడాం. ఏడాది తిరిగేసరికి ఆయనకీ ఆటగత్తెలకీ పడక ఆయన తప్పుకున్నారు.

తర్వాత రమేష్ పొవార్. 2018 నవంబరులో ట్వంటీ-20 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో మన హైదరాబాదు అమ్మాయి మిథాలి రాజ్‌ని పక్కన కూర్చోబెట్టారు. ఆ పోటీలోనే రెండు అర్ధసెంచరీలు చేసిన పిల్ల! టీము 112కే చాప చుట్టేసింది. తనని అవమానించారని మిథాలి బోర్డుకి ఉత్తరం రాసింది. ఆయనా తన రిపోర్టులో ఆమె మీద రాశారు. ఎవరిది ఎంత తప్పో నేను తీర్పు చెప్పను.

కానీ 2021 మేలో ఏం చేశారో చూడండి. టీముని 2020లో ప్రపంచ కప్పు ఫైనల్‌కి చేర్చిన డబ్ల్యూ.వి. రామన్‌ని కాదని, మళ్ళీ ఆ పొవార్‌నే తెచ్చారు. వన్డే కెప్టెన్ ఎవరు? ఆ మిథాలే! అలిగి వెళ్ళిన అల్లుణ్ణి మేళతాళాలతో పిలిచారు, కూతుర్ని మాత్రం ఒక్కమాట అడిగినట్టు లేదు. దరఖాస్తు పెట్టినవాళ్ళలో మాజీ క్రీడాకారిణులూ ఉన్నారు. ఎంపిక చేసిన ముగ్గురిలోనూ ఒకామె మాజీ క్రీడాకారిణే. ఏం లాభం, అత్తగారూ ఒకప్పటి కోడలేగా!

"2025 నవంబరు 2న కప్పు తెచ్చింది మగ కోచే కదా" అంటారు మావారు. అవును, అమోల్ మజుందార్. ఆ రాత్రి మా కడప పిల్ల శ్రీచరణి టీములో ఉందని గంతులేసినదాన్నే నేను. అయితే ఆ మజుందార్ ఇండియా తరఫున ఒక్క మ్యాచైనా ఆడలేదు. అయినా 2023లో నమ్మి పని అప్పగించారు, నమ్మకం నిలబడింది. ఒక్క మ్యాచ్ ఆడని మగవాడి మీద ఉంచిన ఆ నమ్మకం, వందల మ్యాచ్‌లు ఆడిన ఆడదాని మీద ఎందుకుండదూ? ఆడదనగానే "అనుభవం చాలదు" అన్నమాట నాలిక చివరకి ఎలా వస్తుంది?

ఇంగ్లండువాళ్ళు 2025 ఏప్రిల్‌లో తమ టీముని పాత కెప్టెన్ షార్లెట్ ఎడ్వర్డ్స్ చేతిలో పెట్టారు. మన మిథాలి, ఝులన్ గోస్వామి ఇద్దరూ 2022లోనే ఆట చాలించారు. ఈసారి పీట ఖాళీ అయినప్పుడు వాళ్ళ ఇంటికి కబురు వెళ్తుందా, లేక మళ్ళీ ఏ భీముడి కోసమో వెతుకుతారా?