తొడచప్పుడును రైలుబండియు

2003వ సంవత్సరమున వెలువడిన 'పలనాటి బ్రహ్మనాయుడు' అను చలనచిత్రమున ఒక ఘట్టము కలదు. కథానాయకుడు తొడ చరచును. రైలుబండి వెనుకకు పోవును. రైలుపెట్టె యొక్కటియే సుమారు 40 టన్నుల బరువుండును. ఇంజనును, తక్కిన పెట్టెలను చదువరులే లెక్కించుకొందురు గాక! అంతటి బరువు ఒక మనుష్యుని తొడచప్పుడు విని వెనుకంజ వేయుట ఏ శాస్త్రమునకును అందని విషయము. ఇరువదియేండ్లు దాటినను ఈ ఘట్టమును తలచి నవ్వని తెలుగువాడు అరుదు.

మా కల్యాణదుర్గమువారికి ఈ నవ్వులో మరియొక రుచి కూడ కలదు. రాయదుర్గమునుండి తుమకూరునకు తలపెట్టిన రైలుమార్గము మా యూరిమీదుగా పోవును. ఆ పట్టాలు మా పొలిమేరకు వచ్చుటకు ఎన్ని యేండ్లు పట్టినవో, ఎన్ని అర్జీలు వ్రాయవలసివచ్చినదో మేమెరుగుదుము. తొడ చరచినచో రైలు కదలునని ముందే తెలిసియున్నచో కాగితపు ఖర్చయినను మిగిలియుండెడిది.

అసంభవము కళకు నిషిద్ధమని మేమనము. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రములను నిర్మించిన దర్శకుడు కె. వి. రెడ్డిగారు మా జిల్లాలోని తాడిపత్రివారే. ఆయన చిత్రములలో అసంభవము కానిది ఏమున్నది? అయినను ఆ మాయకొక కట్టుబాటు కలదు. సత్యపీఠముపై నిలిచినవాడు నిజము పలికితీరవలెను. శకునియంతవాడును ఆ నియమమును తప్పించుకొనజాలడు. భైరవిబొమ్మ చేజారినంతనే తోటరాముని సిరిసంపదలు మాయమగును. అద్భుతమును చూపినవాడు దాని మూల్యమును కూడ చూపెను. అందుచేతనే పసిపిల్లలు మొదలు పండితులవరకు ఆ మాయను నమ్మిరి.

ఇప్పుడు కక్షల చిత్రములకు వత్తము. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) — ఈ మూడింటికిని, పైన చెప్పిన రైలు చిత్రమునకును బి. గోపాల్ గారే దర్శకులు. ఆ దినములలో మేము కళాశాల విద్యార్థులము. టిక్కెట్టుకొరకు చొక్కాలు చింపుకొన్నవారిలోను, ఈలలు వేసినవారిలోను మేమును ఉంటిమి. ఆ నేరమును ఇచ్చట ఒప్పుకొనుచున్నాము. సుమోబండ్లు ఆకాశమున కెగురుట, ఒక్కడు ముప్పదిమందిని నరకుట, బాంబు ప్రేలినను కథానాయకుని క్రాపు చెదరకుండుట — ఇవి మాకు లోపములుగా తోచలేదు. నేడును అవి పెద్ద లోపములని మేము భావింపము. న్యాయవాద వృత్తిలో ప్రవేశించిన పిమ్మట మాకు తోచిన లోపములు వేరు.

సంతలో ముప్పదిమంది కూలుదురు. తరువాతి దృశ్యమున పాట! ఆ ముప్పది శవములకు పంచనామా ఎవరు చేసిరి? శవపరీక్ష ఎచ్చట జరిగెను? ప్రథమ సమాచార నివేదిక ఏ ఠాణాలో నమోదయ్యెను? ఆ చచ్చినవారికి తల్లులు లేరా? పారిపోవువానిని వెంటాడి నరకినవాడు ఆత్మరక్షణహక్కును చెప్పుకొనుటకు వీలులేదు. అవసరమునకు మించిన హాని చేయరాదని 1860 నాటి శిక్షాస్మృతి 99వ సెక్షను చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 37వ సెక్షనును ఆ మాటనే చెప్పుచున్నది. ఈ చిత్రములలో న్యాయస్థానము కనబడినచో అది కథానాయకుడు దిగివచ్చుటకు కట్టిన మెట్లవరుస మాత్రమే.

మరియొక లెక్క కూడ తేలదు. మా జిల్లాలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ విత్తనము వేసిన రైతు మబ్బువైపు చూచుచు కూర్చుండును. అట్టి సీమలో ఇరువది సుమోబండ్లకు డీజిలు పోయుచు, నూరుమందిని కూర్చుండబెట్టి మేపునట్టి పెద్దమనుష్యుని రాబడి ఎచ్చటిది? ఏ చిత్రమును దీనికి సమాధానము చెప్పలేదు. కక్షలలో పడిన కుటుంబముల ఆస్తి ఎచ్చటికి పోయినదో మేము చెప్పగలము. బోరుబావితో కూడిన మడిచెక్క మొదట పోవును, తరువాత ఇల్లాలి నగలు పోవును. అందులో కొంత మా వృత్తివారి ఫీజులకే చేరినదని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము.

ముఠాకక్షలు మా సీమలో లేవని మేము బుకాయింపము. 1997 నవంబరులో హైదరాబాదున 'శ్రీరాములయ్య' చిత్ర ప్రారంభోత్సవమునకు వచ్చిన మా జిల్లా నాయకునిపై గురిపెట్టి కారుబాంబు ప్రేల్చిరి. ఆయన బ్రతికెను. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. వారిలో ఆ వేడుకను చిత్రించుటకు వచ్చిన ఈటీవీ సిబ్బంది కలరు. వారికి ఏ కక్షతోను సంబంధము లేదు. నిజమైన బాంబునకు కథానాయకుడెవరో, కెమెరా పట్టినవాడెవరో తెలియదు. చలనచిత్ర పరిశ్రమ కన్నులయెదుట జరిగిన ఘోరమిది. ఆ తరువాతి యేండ్లలోనే తెరపై బాంబులు కొబ్బరికాయలవలె పగులగొట్టబడెను!

దత్తమండలములను పాత పేరు మాకు అవమానకరముగా నుండెడిది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అను పేరును సూచించిరి. శ్రీకృష్ణదేవరాయలను తలపించు పేరు! నేడు తెరపై ఆ పేరు వినబడినంతనే వేటకొడవలి కనబడును. మాకు తెలిసిన విద్యార్థి యొకడు పట్టణమున గది అద్దెకడుగబోగా, ఇంటియజమాని మర్యాదగా కాఫీ యిచ్చి, "ఏ వూరు నాయనా?" అని యడిగెనట. జవాబు విన్న పిమ్మట గది ఖాళీలేదనెను. ఆ బాలుని తండ్రి మా తాలూకాలో మేకలు కాచుకొను మనిషి. జీవితమున కత్తి పట్టినది కొమ్మలు కొట్టుటకే.

సాహసముతో చిత్రము తీయుట మన భాషకు కొత్తకాదు. గూడవల్లి రామబ్రహ్మముగారు 1939లో 'రైతుబిడ్డ' తీసినప్పుడు జమీందారులకు కంటగింపై, ఆ చిత్రము నిషేధమునకు గురియయ్యెను. కక్షల చిత్రములను చూచి ఏ ముఠానాయకుడు నొచ్చుకొనెను? మీసము దువ్వుకొని మరల చూచియుండును. 2018లో వచ్చిన 'అరవింద సమేత వీరరాఘవ' కొంత మేలు. పేకాటలో అయిదురూపాయల తగవు రెండూళ్లను ఎట్లు తగులబెట్టినదో చూపి, ఇంటి ఆడువారి నోట ఆ ఖర్చును చెప్పించినది. ఆ చిత్రమునను నరకుడునకు కొదువలేదు కాని, నరకినవాడు నిద్రపోజాలడని ఒప్పుకొన్నది.

మా సీమ కథను తీయదలచిన దర్శకులు ఒక వాయిదా దినమున మా కోర్టు వసారాకు దయచేయవలెనని కోరుచున్నాము. పదిన్నరకు పిలుపు. కొడుకును పోగొట్టుకొన్న తల్లి యొకతె సద్దిమూటతో తొలిబస్సుకే వచ్చి గోడవార కూర్చుండియుండును. సాక్షి రాలేదని కేసు మరల వాయిదాపడు నప్పటికి మధ్యాహ్నము దాటును. అంతవరకు ఆమె ప్రక్కన చోటు ఖాళీగానే యుండును.