విడాకులతో తిరిగొచ్చిన బిడ్డకు పెరట్లో చోటివ్వండి

ప్రభుత్వాసుపత్రి ఓపీకి వచ్చి 'విడాకులయ్యాయి డాక్టరుగారూ, మనసు బాగోలేదు' అని నేరుగా చెప్పుకొనేవాళ్ళు చాలా అరుదు. తలనొప్పి అంటారు. గుండెదడ అంటారు. నిద్ర పట్టడం లేదనీ, అన్నం సయించడం లేదనీ, ఒళ్ళంతా పీకుతోందనీ అంటారు. హనుమంతునిపాడు, కనిగిరి వైపు ఒళ్ళునొప్పులు అనగానే అందరికీ ముందు ఫ్లోరైడ్ నీళ్ళే గుర్తొస్తాయి. ఆ అనుమానం న్యాయమైనదే. కానీ పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని తేలాక, వెంట వచ్చినవాళ్ళను కాసేపు బయట కూర్చోమని 'ఇంట్లో ఎలా ఉందమ్మా?' అని అడిగితే అప్పుడు వస్తుంది అసలు మాట. ఏడాది కిందటో, రెండేళ్ళ కిందటో కోర్టు కాగితం చేతికొచ్చింది. అప్పటి నుంచీ పుట్టింట్లోనే. ఆ ఒళ్ళునొప్పులు, ఆ నిద్రలేమి అక్కడి నుంచే మొదలయ్యాయి.

అమెరికాకు చెందిన థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే మానసిక వైద్యులు 1967లో జీవితంలోని ఒత్తిళ్ళకు ఒక కొలబద్ద తయారుచేశారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులు. రెండో స్థానం విడాకులది, 73. మన ఇళ్ళలో ఈ రెంటినీ ఎలా చూస్తామో గమనించండి. చావు జరిగిన ఇంటికి పదిమంది వస్తారు, పక్కన కూర్చుంటారు, వండిపెడతారు. పెద్దకర్మ దాకా ఏడవడానికి ఒక వీలుంటుంది. విడాకులకు అలాంటి రోజులేవీ లేవు. పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా తప్పెవరిదో తేల్చి వెళ్దామనే వస్తారు.

పైగా కాగితం వచ్చేనాటికే మనిషి సగం అరిగిపోయి ఉంటుంది. హిందూ వివాహ చట్టం ప్రకారం ఇద్దరూ ఒప్పుకొని విడిపోవాలన్నా ముందు ఏడాది విడిగా ఉండాలి, అర్జీ వేశాక మరో ఆరు నెలలు ఆగాలి. పరిస్థితిని బట్టి ఆ ఆరు నెలలు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఒకరు ఒప్పుకోకపోతే వాయిదాల మీద వాయిదాలు, ఏళ్ళు గడుస్తాయి. తీర్పు రాగానే 'పీడ వదిలింది' అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. అన్నాళ్ళూ బిగబట్టుకున్న ఒళ్ళు, మనసు కుంగిపోయేది చాలామందిలో ఆ తర్వాతే.

ఇల్లు సర్దుకోవడం, మొక్కలు పెంచుకోవడం మనసును కుదుటపరుస్తాయని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. నేనూ చెబుతాను. కాకపోతే ఒక షరతు. ఆ ఇంట్లో, ఆ పెరట్లో ఆమె మాటకు చెల్లుబాటు ఉండాలి. చెల్లుబాటు లేనిచోట తోటపని మందు కాదు, ఇంకో చాకిరీ.

మట్టి చేసే మేలు

దిగులు మనిషి చేత ముందు పనులు మాన్పిస్తుంది. పనులు మానేకొద్దీ సంతోషం కలిగించేవీ, నలుగురిలో పడేసేవీ తగ్గిపోతాయి. దాంతో దిగులు ఇంకా పెరుగుతుంది. 1970లలో పీటర్ లెవిన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ చక్రాన్ని గుర్తించి, దాన్ని పని వైపు నుంచి తెంచవచ్చని చూపాడు. మనసు బాగయ్యాక లేద్దామని ఆగకూడదు. చిన్న పని ఒకటి పెట్టుకుని లేస్తే మనసు వెనకే వస్తుంది. కుంగుబాటు చికిత్సలో ఇవాళ ఇదొక గుర్తింపు పొందిన పద్ధతి.

మొక్క ఈ పద్ధతికి బాగా సరిపోతుంది. పొద్దున్నే నీళ్ళు పోయాలి కాబట్టి మంచం దిగాలి. ఉదయపు వెలుగు కంటికి తగిలితే ఒంట్లోని గడియారం సర్దుకుని రాత్రి నిద్ర వేళకు వస్తుంది. తవ్వడం, కలుపు తీయడం, బిందె మోయడం కూడా వ్యాయామమే. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు పాతిక నిమిషాలు పెరట్లో గడిపితే అందులో చాలా భాగం తీరిపోతుంది. చేతులకు పని ఉన్నంతసేపు కోర్టులో ఎవరేమన్నారో, అత్తగారు ఏమన్నారో అదే పనిగా తలచుకోవడం కూడా కాస్త తగ్గుతుంది.

చెట్టును చూడటం వల్లే మేలు జరుగుతుందా? రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిని చూస్తే, కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవాళ్ళు ఇటుక గోడ కనిపించే గదుల్లోని వాళ్ళకన్నా కాస్త ముందే ఇంటికి వెళ్ళారు. బలమైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. అది చిన్న అధ్యయనం, అదీ ఆపరేషన్ గాయాల మీద జరిగింది. విడాకుల బాధకు దాన్ని రుజువుగా చూపలేం. అయినా పచ్చదనానికీ ఒంటికీ సంబంధం ఉందని వైద్యులు సీరియస్‌గా ఆలోచించడానికి అది దారి వేసింది.

నీళ్ళకే కటకట, తోటెక్కడిది?

ఈ ప్రశ్న న్యాయమైనదే. వెలిగొండ నీళ్ళ కోసం ఎదురుచూస్తున్న ప్రాంతం మాది. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్ళు. ఇక్కడ పచ్చిక బయళ్ళు, గులాబీ తోటలు వేసుకోమని చెప్పను. నాలుగైదు కుండీలు చాలు. పాత బకెట్టు, పగిలిన కుండ, సిమెంటు సంచి కూడా పనికొస్తాయి. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు వాటికి సరిపోతాయి. సబ్బు నీళ్ళు మాత్రం ఆకుకూరలకు పోయకండి.

ముందు త్వరగా మొలిచేవి వేయండి. మెంతులు మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తుతాయి. తోటకూర నెల తిరిగేసరికి కోతకొస్తుంది. గోంగూర మొండిది, ఎండకు ఓర్చుకుంటుంది. వాటి పక్కనే ఆలస్యంగా ఎదిగేదొకటి పెట్టండి. కరివేపాకు మొక్కో, మునగ కొమ్మో. దిగులులో ఉన్న మనిషికి వచ్చే ఏడాది అనేది కనపడదు. వచ్చే ఏడాది కాపు కోసం మునగ నాటడమంటే తనకూ ఒక వచ్చే ఏడాది ఉందని ఒప్పుకోవడమే.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుండీలను బల్ల మీద పెట్టుకుని నిలబడే పని చేసుకోవచ్చు. కుండీల కింది పళ్ళేల్లో నీళ్ళు నిలవ ఉంటే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది కాబట్టి వారానికోసారైనా వాటిని వంచేయాలి. మొక్క చచ్చిపోతే ఇంట్లో ఎవరూ 'దానికి ఏదీ కలిసిరాదు' అనకూడదు. ఆ మాట మొక్క గురించి కాదని ఆమెకు తెలుసు.

ఆమె చుట్టం కాదు

తోటపని చేయమ్మా అని చెబితే ఒకామె నవ్వి, 'ఇప్పుడు చేసేది అదేగా' అంది. తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చేది ఆమే. అన్న పిల్లల్ని బడికి తయారుచేసేది ఆమే. పెరట్లో మొక్కలకు నీళ్ళు పోసేదీ ఆమే. ఏ మొక్క ఉండాలో, ఏది పీకేయాలో చెప్పేది మాత్రం వదిన. నీళ్ళు పోయడం ఆమె పని, పెరడు ఆమెది కాదు. నేను పెట్టిన షరతు ఇలాంటి ఇళ్ళను చూశాక పెట్టిందే.

కూతుర్ని ఇంట్లో ఉండనివ్వడం తమ దయ అనుకునే తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఒకసారి చట్టం కూడా చూడాలి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కునిస్తూ ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకే అది వర్తించింది. 2005లో కేంద్రం చేసిన సవరణతో పెళ్ళయిన కూతుళ్ళకూ ఆ హక్కు దక్కింది. తండ్రి స్వార్జితం సంగతి వేరు, ఆ వివరాలు లాయరును అడగాలి. నేను చెప్పేదల్లా, పెళ్ళి తెగిపోయి వచ్చిన బిడ్డ చుట్టంగా రాలేదన్నది. చుట్టంలా ఒదిగి ఒదిగి బతికే మనిషికి నిద్ర ఎలా పడుతుంది?

పుట్టిల్లు వెనక నిలబడితే ఏమవుతుందో మనకు తెలిసిన పేరే చెబుతుంది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ కాపురానికి వెళ్ళనంది. అప్పట్లో ఇక్కడ హిందువులకు విడాకుల చట్టమే లేదు. తండ్రి, తమ్ముడు ఆమె మాట పక్కన నిలిచారు. ఆమె చదువుకుంది, లాయరైంది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఇల్లు కోల్పోయిన, చదువు ఆగిపోయిన ఆడవాళ్ళు నిలదొక్కుకోవడానికి మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది. కుటుంబ వివాదాలకు వేరే కోర్టులు కావాలని 1950లలోనే గట్టిగా అడిగినవాళ్ళలోనూ ఆమె ముందుంది. ఆ చట్టం 1984లో వచ్చింది. అందరూ దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాలేరు, కానక్కర్లేదు కూడా. ఆ తండ్రి, ఆ తమ్ముడు చేసిన పని మాత్రం ఏ ఇంట్లోనైనా చేయవచ్చు.

అంటే ఏం చేయాలి? ఆమెకు తలుపు వేసుకునే ఒక గది కావాలి. గది కుదరకపోతే తాళమున్న బీరువా అయినా ఇవ్వాలి. ఇంటి తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉండాలి. పెరట్లోనో, డాబా మీదో కొంత చోటు ఆమెదని అందరికీ తెలియాలి. అక్కడ ఏం వేయాలో, ఏం తీయాలో ఆమె ఇష్టం. బిడ్డలుంటే వాళ్ళకూ చెరొక కుండీ ఇవ్వండి. అమ్మ దగ్గర కొన్నాళ్ళు, నాన్న దగ్గర కొన్నాళ్ళు గడిపే పిల్లలకు తాము తిరిగొచ్చేదాకా ఎదురుచూసే మొక్క ఒకటి ఉండటం మంచిది.

పూల మాట కూడా చెప్పాలి. విడాకులైన ఆడపిల్ల తలలో పూలు పెట్టుకుంటే మాట్లాడే నోళ్ళు, పేరంటానికి పిలవడం మానేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. తను పెంచిన బంతిపూలు అందరి గుమ్మాలకూ పనికొచ్చి తన జడకు పనికిరాకపోతే, ఆ తోట ఆమెకు ఏ మేలూ చేయదు. ఇంట్లో అమ్మే ఆ పూలు కోసి కూతురి జడలో పెడితే ఊరి నోళ్ళు వాటంతటవే తగ్గుతాయి.

మగవాళ్ళకూ ఇల్లు కావాలి

విడిపోయిన మగవాళ్ళు ఆసుపత్రికి ఇంకా ఆలస్యంగా వస్తారు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఒంటరి ఫ్లాటు, హోటలు తిండి, రాత్రి మందు, పొద్దున అసిడిటీ, బీపీ. 'మగాడివి, ఇంకో పెళ్ళి చేసుకుంటే సరిపోతుంది' అనేది మన ఇళ్ళలో వాళ్ళకిచ్చే సలహా. ఆ తొందరలో ఇంకో ఆడపిల్ల బతుకు కూడా చిక్కుల్లో పడవచ్చు. ముందు తన బియ్యం తాను కడిగి వండుకోవడం, తన పక్క తాను సర్దుకోవడం, బాల్కనీలో నాలుగు మొక్కలు బతికించుకోవడం అలవాటు కావాలి. మందు మాత్రం ఈ కాలంలో ముట్టకపోవడమే మంచిది. అది నిద్రను చెడగొడుతుంది, దిగులును పెంచుతుంది.

మొక్కలు సరిపోనప్పుడు

బాధ వేరు, జబ్బు వేరు. ఏడుపు రావడం, కోపం రావడం, పెళ్ళిరోజున మనసు పాడవడం బాధే. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి బాగా మారిపోవడం, తాను ఎందుకూ పనికిరానని అనిపించడం, చావు ఆలోచనలు రావడం జబ్బు లక్షణాలు. అప్పుడు వైద్యుణ్ణి కలవాల్సిందే. రక్తహీనత, థైరాయిడ్ తేడాలు కూడా నీరసం, దిగులు తెస్తాయి కాబట్టి వాటినీ పరీక్షించాలి. మందులు అవసరమైతే వాడాలి. కుంగుబాటు మందులు పనిచేయడం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఇంచుమించు తోటకూర కోతకొచ్చే కాలం. పది రోజులకే 'గుణం లేదు' అని మానేయకండి. వైద్యుణ్ణి అడగకుండా మధ్యలో ఆపకండి.

ఆసుపత్రికి రావడానికి మొహమాటమైతే టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చావు మాట ఎవరైనా ఎత్తితే బెదిరింపు అనుకోకండి. వాళ్ళను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. వ్యవసాయం చేసే ఇళ్ళకు ఒక ముఖ్యమైన మాట. పురుగుమందుల డబ్బాలు పెరట్లోనో, వసారాలోనో ఉంచకండి. ఇంటికి దూరంగా తాళం వేసి పెట్టండి, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండనివ్వండి. ఆవేశపు క్షణంలో అవి చేతికందకపోతే ఒక ప్రాణం నిలవవచ్చు.

ఈ ఆదివారం మీ ఇంటికి తిరిగొచ్చిన బిడ్డను పెరట్లోకి తీసుకెళ్ళి, ఇక్కడేం వేద్దామో నువ్వు చెప్పమ్మా అని అడగండి. సలహాలు ఇవ్వకండి. ఏమీ వేయనంటే బలవంతం చేయకండి. ఆ చోటు మాత్రం ఇంకెవరికీ ఇవ్వకుండా అలాగే ఉంచి, వచ్చే వారం మళ్ళీ అడగండి.