ఇంటిలో చూచే భయం

1960లో ‘సైకో’ చిత్రం విడుదలైనప్పుడు, ఆట మొదలైన తరువాత ఎవరినీ లోనికి రానీయరాదని దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ నియమం విధించాడు. నేడు అదే చిత్రాన్ని ఇంటిలో చూచేవారి చేతిలో రిమోట్ ఉంది. గుండె దడదడలాడగానే ఆపవచ్చు. లేచి మంచినీళ్ళు త్రాగి రావచ్చు. అందువలన ఇంటిలో భయం తక్కువనుకోవడం పొరపాటు.

దయ్యాల కథలలో భయం శ్మశానంలోనో పాడుబడ్డ మేడలోనో ఉంటుంది. మనస్తత్త్వ ప్రధానమైన చిత్రంలో అది మనిషిలోనే దాగి ఉంటుంది. నార్మన్ బేట్స్ మృదుభాషి. వానరాత్రి వచ్చిన అతిథికి రొట్టె, పాలు ఇచ్చి ఆదరిస్తాడు. ఆ తరువాత హత్య జరిగేది స్నానాల గదిలో! సుమారు ముప్పావు నిమిషం సాగే ఆ దృశ్యానికి చిత్రీకరణ వారం రోజులు పట్టింది. రక్తంగా కనిపించినది చాక్లెట్ సిరప్. నలుపు తెలుపుల చిత్రం కనుక చెల్లిపోయింది. నిజానికి సగం భయం బెర్నార్డ్ హెర్మన్ కేవలం తంత్రీవాద్యాలతో కూర్చిన సంగీతానిదే. ధ్వని తగ్గించి చూచినవారికి ఈ సంగతి తెలుస్తుంది.

సినిమాహాలులో వందలమంది ఆ భయాన్ని పంచుకొని, చాలవరకు ద్వారం వద్దనే వదలిపోయేవారు. ఇంటిలో తెర ఆరిన తరువాత ప్రేక్షకుడు వెళ్ళవలసినది తన స్నానాల గదికే. అది అతడు కోరి తెచ్చుకొన్న భయం. ప్రక్కగదిలో పడుకొన్న పసివాడు దానిని కోరలేదు; వాడికి బొమ్మ కనబడకపోయినా ఆ వాద్యాల కేక వినబడుతూనే ఉంటుంది.