పోకరు పట్టిక బహుమానములు

పైకమొడ్డి ఆన్‌లైనులో ఆడు ఆటల నన్నిటిని నిషేధించు చట్టమునకు 2025 ఆగస్టు 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదము లభించినది. తెలంగాణమున కిది క్రొత్త కాదు. 2017లోనే మన ప్రభుత్వము జూదపు చట్టమును సవరించి ఇట్టి ఆటలకు తలుపు మూసినది. అయినను పోకరు జూదము కాదనియు, నేర్పరులకు కంపెనీలు బహుమానము లిచ్చుటలో అన్యాయ మేమనియు వాదించు యువకులు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములందు ఇంకను కలరు. వారి వాదమును త్రోసిపుచ్చక విచారింతము.

ఆ బహుమానము ఎవరి సొమ్ము? పోకరులో కంపెనీ తాను పందె మొడ్డదు. ఆటగాండ్రు ఒకరి సొమ్ము నొకరు గెలుచుకొనుచుండగా, పందెపు మొత్తమునుండి కొంత భాగమును, తరచుగా నూటికి అయిదు వంతున, తాను తీసికొనును. దీనికి రేక్ అని పేరు. గెలుచువాడు మారుచుండును, రేక్ పుచ్చుకొనువాడు మారడు. ఈ రాబడిలో కొంత తీసి, వారమునకో నెలకో లీడర్‌బోర్డు అను పట్టిక కట్టి, ఎక్కువ రేక్ చెల్లించినవానికి, ఎక్కువ ఆటలాడినవానికి పైస్థానమిచ్చి పంచుట వాడుక.

భూపాలపల్లి బొగ్గుగనినుండి ఇల్లు చేరిన కార్మికుడో, మానుకోట మిరప రైతు కుమారుడో, జనగామ అంగడి గుమాస్తాయో రాత్రి ఒక గంటసేపు ఒక బల్లవద్ద ఆడె ననుకొందము. ఇదే వృత్తిగా గలవాడు కంప్యూటరు ముందు ఎనిమిది గంటలు, ఒకేసారి నాలుగు బల్లలవద్ద ఆడును. వీని ఒక పాలునకు వానివి ముప్పదిరెండు పాళ్లు. వీడు నెలదినములు కూడబెట్టిన అంకెను వాడొక్క దినమున దాటిపోవును. వీడు చెల్లించిన రేక్ మాత్రము ఆ బహుమానపు మూటలో చేరియే యుండును. శకుని పాచికలతో ధర్మరాజును గెలిచెను. కాని ఎక్కువసేపు ఆడినందుకు శకునికి ధర్మరాజు సొమ్ముతో పారితోషిక మిచ్చు ఏర్పాటు హస్తినాపురమునందును లేకుండెను.

ఈ తగవు మన దేశమునకే పరిమితము కాదు. 2015 చివర పోకర్‌స్టార్స్ కంపెనీ అత్యధికముగా ఆడువారి ప్రతిఫలములను తగ్గింపబూనగా వృత్తి ఆటగాండ్రు సమ్మె కట్టిరి.

పందెపు స్థాయినిబట్టి వేరు పట్టికలు కట్టవచ్చును, లెక్కకు వచ్చు గంటలకు హద్దు పెట్టవచ్చును అని కొందరందురు. నిజమే. కాని ఇచ్చట నొక చిక్కున్నది. పైస్థానము అందరానిదైనంతకాలము గుమాస్తా గంట ఆడి లేచును. అది చేతికందునట్లు తోచిన నాడు మరి రెండు గంటలు కూర్చుండును. పట్టిక న్యాయమైనకొలది వాని జేబునకు ముప్పు హెచ్చును. చిన్న ఆటగానిపై నిజముగా దయ యున్నచో కంపెనీ రేక్‌నే తగ్గింపవచ్చును గదా! అప్పుడు పట్టికయే అక్కరలేదు. ఆ మార్గము మాత్రము వారికి రుచింపలేదు.

సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యెమున 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానముగా నేర్పుగల ఆట యని నిర్ణయించినది. మన యువకులు ఆ మాటను కంఠస్థము చేసిరి. పందెపు ఆటవలన ఇంటియజమాని లాభము పొందుచున్నట్లు రుజువైన నేరము కాగలదని అదే తీర్పు చెప్పిన సంగతి ఎవరును తలపెట్టరు.

ప్రభుత్వమును గూర్చియు ఒక మాట. 2023 అక్టోబరు 1 నుండి ఈ ఆటలకై జమచేసిన పూర్తి సొమ్ముపై నూటికి 28 వంతున పన్ను విధించిన ఖజానా, నిషేధము వచ్చువరకు ఈ బల్లవద్ద కూర్చున్నదియే. ఏటా 45 కోట్లమంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు నష్టపోవుచున్నారని చట్టము తెచ్చునాడు ప్రభుత్వమే అంచనా చెప్పినది. ఆడినవానిని చట్టము శిక్షింపదు, ఆడించువానిని శిక్షించును. అది సబబే. కాని సముద్రముల కావలినుండి నడచు సైటులు అవే పట్టికలు చూపి పిలువగలవు. వానిని మూయించు అధికారము కేంద్రప్రభుత్వమునకు కలదు. ఎన్నింటిని మూయించిరో, అందెన్ని వేరు పేర్లతో మరల తెరచుకొన్నవో నెలనెలా ప్రకటింపవలెనని కోరుచున్నాము.