పాత వాల్వు సెట్టును పాత ఇనుముకు వేయవచ్చునా?

గిటారు వాయించే మన యౌవనస్థులు ఈ మధ్య మమ్మును రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. మొదటిది: "అయ్యగారూ, మందిరము అటక మీద పాత మైకు సెట్టు పడియున్నది. లోపల గాజు వాల్వులున్నవి. పాత ఇనుము వానికి వేసేద్దామా, గిటారుకు మార్చుకోవచ్చునా?" రెండవది: "పాత ఇంగ్లీషు పాటలలో వినబడే ఆ గిటారు ధ్వని రావాలంటే వాల్వు యాంప్లిఫయరే కావాలట గదా, అప్పు చేసియైనా 50 వాట్లది కొందుమా?" తిరుమలగిరిలో అడిగినవారున్నారు, సూర్యాపేట నుండి బస్సెక్కి వచ్చి అడిగినవారున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పుటకంటె ఈ నెల శీర్షికలో వ్రాయుట మేలని తలంచాము.

రెండవ దానికి జవాబు చిన్నది కనుక ముందు అది చెప్పెదము. అప్పు వద్దు, 50 వాట్లూ వద్దు. 5 వాట్ల దానికంటె 50 వాట్లది పది రెట్లు బిగ్గరగా మ్రోగునని అనేకులు అనుకొందురు. కాదు. శక్తి పది రెట్లు పెరిగితే మన చెవికి ధ్వని ఇంచుమించు రెండింతలైనట్లు మాత్రమే తోచును. నూరు మంది కూర్చుండే మందిరములో మంచి స్పీకరుకు తగిలించిన 5 వాట్లు చాలును. చాలనిచోట ఆ స్పీకరు ముందు ఒక మైకు నిలబెట్టి పెద్ద సెట్టులోనికి ఇచ్చుకోవచ్చును. అంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటున్నది. మీరు కోరే ఆ ధ్వని వాల్వు తన శక్తి అంచున పనిచేయునప్పుడే పుట్టును. 50 వాట్ల యాంప్లిఫయరును ఆ అంచు దాకా తీసికొనిపోతే ముందు వరుసలోని పెద్దలు లేచి బయటికి పోవుదురు. అందుచేత దాని వాల్యూమును రెండు మీదనే ఉంచవలసి వచ్చును, అక్కడ వాల్వు నిద్రపోవుచునే ఉండును. కేవలము పాటలకు కార్డులు వాయించుటకైతే అసలు వాల్వే అక్కరలేదు, ఉన్న మిక్సరులోనికి ఇచ్చుకొనుడి.

ఆ ధ్వని ఎట్లు వచ్చునో కొంచెము చెప్పవలెను. ట్రాన్సిస్టరు తన హద్దు చేరినప్పుడు ధ్వని తరంగము తలను కత్తితో కోసినట్లు కోయును, అది చెవికి గరగరగా వినబడును. వాల్వు అట్లు కాక మెల్లమెల్లగా వంగును. దానికి తోడు పాత సెట్లలో కరెంటును డి.సి.గా మార్చే పని కూడ ఒక వాల్వే చేయును. తీగను గట్టిగా మీటగానే ఆ వాల్వు వెనుక వోల్టేజి కొంచెము క్రుంగును, మరుక్షణము తేరుకొనును. కనుక మొదటి దెబ్బ మెత్తబడి, తరువాతి నాదము నిలిచి సాగును. చివరకు గిటారు స్పీకరు సుమారు 5000 హెర్ట్‌జ్ పైన ఉన్న చిటపటలను పలుకనే పలుకదు. వాల్వు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు మూడును కలిసి చేసే పని ఇది.

నాదము నిలుచుట ఎంత అవసరమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు (1969–2014) కర్ణాటక సంగీతమునకు ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎన్నుకొన్నారు. మామూలు మాండలిన్ తీగ మీటిన వెంటనే ధ్వని ఆరిపోవును, ఇక గమకము పలుకుటకు చోటేది? విద్యుత్తు వచ్చి ఆ లోటు తీర్చినది. గిటారువారి సంగతియు అదే. వారి వాయిద్యములో సగము చేతిలో ఉండును, సగము ఆ పెట్టెలో ఉండును.

ఈ పెట్టెలను మొదట చేసినవారెవరు? అమెరికాలో లియో ఫెండర్ 1938లో ఫుల్లర్టన్ అను ఊరిలో రేడియో రిపేరు దుకాణము పెట్టినవాడు. అక్కడినుండే యాంప్లిఫయర్లలోనికి వచ్చాడు. ఆయన కంపెనీ బేస్ గిటారు కొరకని చేసిన బాస్‌మాన్ 1950ల చివర మామూలు గిటారువారికి ప్రియమైపోయినది. లండనులో జిమ్ మార్షల్‌ది డ్రమ్ముల దుకాణము. అమెరికా సరుకు అక్కడ ప్రియము గనుక ఆయన మనుష్యులైన కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ 1962లో బాస్‌మాన్ సర్క్యూట్‌నే చూచి, తమ దేశములో దొరికే ట్రాన్స్‌ఫార్మర్లు, వాల్వులు వేసి జె.టి.ఎమ్.45 కట్టారు. చేతికి దొరికిన సామాను మారినందున ధ్వని మారినది, ఆ మారిన ధ్వనినే ఈనాడు లోకమంతా 'క్లాసిక్' అంటున్నది. ఈ మాట మన యౌవనస్థులు బాగుగా పట్టుకొనవలెనని మా కోరిక. అవి రేడియో మెకానిక్కు బల్ల మీద పుట్టిన సామానులు. అటువంటి బల్లలు సూర్యాపేటలోనూ కోదాడలోనూ మిర్యాలగూడలోనూ ఉండేవి.

వాల్వులు కూడ మనకు క్రొత్తవి కావు. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వులు చేయుట మొదలుపెట్టినది. మరుసటి ఏడే, అనగా 1962లో, అదే కంపెనీ జర్మేనియం సెమీకండక్టర్లు కూడ చేయనారంభించినది (తన పోటీదారుని తన ఇంటనే పెంచుకొన్నదన్నమాట!). అప్పటి ఫిలిప్స్ రేడియోలు చాలవాటిలో ఇ.ఎల్.84 అను చిన్న వాల్వు స్పీకరును నడిపేది. బీటిల్స్ వారు వాడిన వాక్స్ ఎ.సి.30లో ఉన్నవి నాలుగు ఇ.ఎల్.84లే. తాతగారు వార్తలు విన్న పెట్టెలోని వాల్వు అది.

అట్లని ప్రతి పాత రేడియోను గిటారుకు తగిలించకండి. ఇక్కడ ప్రాణాపాయమున్నది, దయచేసి నిదానముగా చదవండి. వాల్వు మీద మొదటి అక్షరము చూడండి. 'ఇ' అని ఉంటే దాని హీటరుకు 6.3 వోల్టులు కావలెను, సాధారణముగా అటువంటి సెట్టులో మెయిన్ ట్రాన్స్‌ఫార్మరుండును. 'డి' అయితే కరెంటు రాని పల్లెలలో బ్యాటరీతో నడిచిన సెట్టు. 'యు' అని ఉంటే, అనగా యు.ఎల్.84, యు.వై.85 వంటివి ఉంటే, అది ఎ.సి.కి డి.సి.కి రెంటికిని నడువవలెనని ట్రాన్స్‌ఫార్మరు లేకుండ కట్టినది. వాల్వుల హీటర్లన్నియు వరుసగా నేరుగా మెయిన్స్‌కే కలిసియుండును, రేకు చాసిస్ కూడ మెయిన్స్‌లోని ఒక వైరుకు కలిసియుండును. ప్లగ్గు ఒకవైపు పెడితే చాసిస్ న్యూట్రల్, తిప్పి పెడితే చాసిస్ ఫేజు. దానికి గిటారు తగిలిస్తే తీగలలోనికి 230 వోల్టులు వచ్చును. అటువంటి దానిని రేడియోగానే ఉంచి అలమారలో పెట్టుకొనుడి.

ఇక మైకు సెట్టు. వీటిలో సాధారణముగా రెండు 6ఎల్6లో రెండు ఇ.ఎల్.34లో చివర ఉండును, ముందు ఇ.సి.సి.83 వంటి చిన్నవి ఉండును. (ఇ.సి.సి.83నే అమెరికావారు 12ఎ.ఎక్స్.7 అందురు, కొనునప్పుడు రెండు వస్తువులనుకొని రెండుసార్లు కొనవద్దు.) రెండు 6ఎల్6లున్న మైకు సెట్టు లోపల బాస్‌మాన్‌కు దగ్గరి చుట్టమే. బహిరంగ కూటములకు, పెద్ద హాలుకు అది పనికివచ్చును. పాత ఇనుముకు వేయువాడు అందులోని రాగికి మాత్రమే వెల కట్టును, మనము కట్టవలసిన వెల దాని ట్రాన్స్‌ఫార్మర్లది. కనుక ముందు వాటినే పరీక్షించవలెను. కాలిన వార్నిషు వాసన ఉన్నదా? మల్టీమీటరుతో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు నడిమి వైరునుండి రెండు చివరలకు రెసిస్టెన్సు కొలిస్తే రెండును దాదాపు సమానముగా రావలెను. ట్రాన్స్‌ఫార్మర్లు బాగుంటే మార్చుకొనుడి. కాలిపోయియుంటే మొదటి ప్రశ్నకు జవాబు పాత ఇనుమే.

మార్చునప్పుడు మొదట పోవలసినవి పాత కండెన్సర్లు. ఏండ్ల తరబడి ఎండిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు హమ్ము చేయును, ఒక్కొక్కసారి పగులును. వాల్వుకూ వాల్వుకూ మధ్యనున్న కాగితపు కండెన్సరు లీకయితే చివరి వాల్వు గ్రిడ్డుకు పాజిటివ్ వోల్టేజి చేరి దాని ప్లేటు కుంపటివలె ఎర్రబడును. వాటి స్థానములో 0.022 మైక్రోఫారడ్, 630 వోల్టుల క్రొత్తవి వేయండి. గిటారు పికప్‌కు ఇన్‌పుట్ దగ్గర 10 లక్షల ఓమ్‌ల రెసిస్టెన్సు భూమికి, 68 వేల ఓమ్‌లది గ్రిడ్డుకు ముందు వరుసలో ఉండవలెను. అవుట్‌పుట్ నుండి వెనుకకు తిప్పిన ఫీడ్‌బ్యాక్ వైరు మైకు సెట్లలో ధ్వని శుభ్రముగా ఉండుటకు పెట్టినది. దానిని తగ్గిస్తే, లేదా తీసివేస్తే, గిటారుకు కావలసిన ఆ మొరటుతనము వచ్చును. ఒక్కసారే అన్నియు మార్చవద్దు. ఒకటి మార్చి, విని, మరొకటి మార్చండి.

స్పీకరు విషయములో మాత్రము పిసినారితనము పనికిరాదు. చెట్టుకు కట్టే హారన్ గొట్టము క్రింది స్వరములను పలుకదు, గిటారు లావు తీగ 82 హెర్ట్‌జ్ దాకా దిగును. 10 లేదా 12 అంగుళముల గిటారు స్పీకరు, 8 ఓమ్‌లది, 8 ఓమ్ అని వ్రాసియున్న చోటనే కలపండి. 100 వోల్టు లైను అని ఉన్న వైరును టేపు చుట్టి వదలివేయండి. స్పీకరు లేకుండ వాల్వు యాంప్లిఫయరును ఎన్నడును నడుపవద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లోపలనే నిప్పురవ్వలు దూకి చెడిపోవును. ట్రాన్సిస్టరు సెట్లకు అలవాటుపడినవారికి ఈ సంగతి తెలియదు.

అటక మీద ఏమియు లేనివారు క్రొత్తగా కట్టుకొనవచ్చును. ఫెండర్ చాంప్ 5ఎఫ్1 అను సర్క్యూట్ కంటె తేలికైనది మేమెరుగము. మూడే వాల్వులు: ఒక 12ఎ.ఎక్స్.7, ఒక 6వి6, కరెంటుకు ఒక 5వై3. ఒకటే నాబు, అది వాల్యూము. సుమారు 5 వాట్లు. మెయిన్ ట్రాన్స్‌ఫార్మరును మన ఊళ్ళలో స్టెబిలైజర్లు చుట్టేవారే చుట్టగలరు. ఒకవైపు 230 వోల్టులు. రెండవవైపు 300–0–300 వోల్టులు 70 మిల్లీఆంపియర్లకు, 6.3 వోల్టులు 2 ఆంపియర్లకు, 5 వోల్టులు 2 ఆంపియర్లకు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును మాత్రము తెలిసినవారి వద్దనే కొనుడి. ఒకే వాల్వు నడుపునప్పుడు దానిలో డి.సి. ఎల్లప్పుడు పారుచుండును గనుక రేకుల మధ్య సన్నని సందు వదలి పేర్చవలెను, మోటారు వైండింగువారికి ఆ అలవాటుండదు. చిల్లర సామాను హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో వెదకండి. క్రొత్త వాల్వులు ఈనాటికిని స్లోవేకియా, రష్యా, చైనాలలో తయారగుచున్నవి.

అమెరికాలోని బంధువులు పంపిన యాంప్లిఫయరు 120 వోల్టులదైతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండ ప్లగ్గు పెట్టవద్దు. మన పాత సెట్లను గూర్చియు ఒక మాట. 220 వోల్టులకు చుట్టిన దానికి 245 వస్తే 6.3 ఉండవలసిన హీటరు వోల్టేజి 7కు చేరును, వాల్వు ఆయుష్షు తగ్గును. స్టెబిలైజరు పెట్టుకొనుడి.

ఇప్పుడు తల్లిదండ్రులు కూడ చదువవలసిన భాగము. ఈ పెట్టెలలో 350 నుండి 450 వోల్టుల డి.సి. ఉండును. ప్లగ్గు తీసిన తరువాత కూడ కండెన్సర్లలో అది నిలిచియుండును, కొన్ని సెట్లలో గంటల తరబడి. మూత తీసిన వెంటనే 10 వేల ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టెన్సుకు ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు బిగించి కండెన్సరును ఖాళీ చేయవలెను. తరువాత మీటరు పెట్టి 10 వోల్టుల లోపు ఉన్నదని కంటితో చూచిన మీదటనే చేయి పెట్టవలెను. స్క్రూడ్రైవరుతో షార్టు చేయు అలవాటు మానుకొనుడి. ఒక చేయి జేబులో ఉండవలెను, కాళ్ళకు చెప్పులుండవలెను, ఇంటిలో రెండవ మనిషి ఉండవలెను. పదునెనిమిది ఏండ్లు నిండని పిల్లలను ఒంటరిగా దీని దగ్గర వదలవద్దు.

పాత రెండు పిన్నుల వైరు తీసివేసి మూడు పిన్నులది వేయండి, ఎర్తు వైరును చాసిస్‌కు గట్టిగా బిగించండి. మెయిన్స్ నుండి చాసిస్‌కు ఒక చిన్న కండెన్సరు కనబడితే దానిని కత్తిరించి పారవేయండి. మందిరము గోడలోని ఎర్తు నిజముగా భూమికి చేరినదో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. బయట కూటములలో జనరేటరు మీద నడుపునప్పుడు మైకు సెట్టును, గిటారు యాంప్లిఫయరును ఒకే బోర్డునుండి తీసికొనుడి. వేర్వేరు చోట్లనుండి తీసికొంటే, చేతిలో గిటారు తీగలు పట్టుకొని పాడువాని పెదవులు మైకుకు తగిలినప్పుడు వాని దేహమే వైరగును.

మొదటిసారి కరెంటు ఇచ్చునప్పుడు నేరుగా ఇవ్వవద్దు. మెకానిక్కులు సీరీస్ బల్బు అందురే, అట్లు 60 వాట్ల పాత తీగబల్బును (ఎల్.ఇ.డి. పనికిరాదు) ఫేజు వైరులో వరుసగా కలిపి, స్పీకరు తగిలించి, గిటారు తగిలించకుండ స్విచ్చి వేయండి. బల్బు ఒక్కసారి ప్రకాశవంతముగా వెలిగి మందగిస్తే మేలు. వెలుగు తగ్గకుండ అట్లే ఉంటే లోపల ఎక్కడో షార్టున్నది, వెంటనే ఆపి వెదకండి. మందగించినదైతే బల్బు తీసివేసి అరగంట ఊరకే నడువనిచ్చి, గది దీపము ఆర్పి వాల్వులను చూడండి. నడుమ నారింజ రంగు హీటరు ఉండవలెను గాని చుట్టూ ఉన్న ప్లేటు ఎర్రబడకూడదు. అంతయు సరిగానున్నదని చూచిన తరువాత గిటారు తగిలించండి.