మా వదిన కొన్న నాలుగు జీబీ కార్డు

సంక్రాంతికి మా అన్నయ్యా వదినా గుడివాడ నుంచి బందరు వచ్చారు. మేనల్లుడు బట్టల బ్యాగులో తువ్వాల్లో చుట్టి కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డు ఒకటి తెచ్చాడు. "అత్తా, మీ కంప్యూటర్లో పెట్టి చూస్తాం. మాది నాలుగు జీబీ, బావది రెండే" అన్నాడు. వదిన మొహం వెలిగిపోయింది. వెలగదూ మరి! ఆర్నెల్లు జాకెట్లు కుట్టి దాచిన డబ్బు అది.

మా వాడిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న జీటీ 1030. వదిన కొన్నది సీలు విప్పని కొత్త జీటీ 730. పిల్లలిద్దరూ ఒకే కంప్యూటర్లో ఒకదాని తర్వాత ఒకటి బిగించి, ఒకే ఆట ఆడి చూశారు. మా కార్డుతో ఆట సాఫీగా నడిచింది. వాళ్ళ కార్డుతో ఆగి ఆగి కదిలింది. మేనల్లుడు అమ్మ వైపు చూసి, "సరిగ్గా బిగించలేదేమోలే" అన్నాడు. తప్పు బిగింపుది కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వదినకే తెలియదు.

సెకండ్ హ్యాండ్ కార్డు వెతికినన్నాళ్ళూ మా వాడి పక్కన కూర్చుని నేనూ నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. జీటీ 730 అనేది 2014లో వచ్చింది. కానీ ఆ పేరుతో ఒక్క కార్డు కాదు, మూడు రకాలు వచ్చాయి. ఒకదాంట్లో 96 కోర్లే ఉంటాయి. మిగతా రెండింట్లో 384. ఆ రెండింట్లోనూ ఒకటి డీడీఆర్3 మెమరీది, ఇంకోటి జీడీడీఆర్5ది. మొదటిది సెకనుకి 14.4 జీబీ అందిస్తే రెండోది 40 జీబీ అందిస్తుంది. వదిన కొన్నది ఆ 14.4 రకం. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్నది మాత్రం "4 జీబీ".

ఇది నాకు ఎవరో ఇంజనీరు చెబితే అర్థం కాలేదు, మా పుట్టింటి పొలం గుర్తొచ్చి అర్థమైంది. అవనిగడ్డ దగ్గర తమ్ముడిది శివారు భూమి. ప్రకాశం బ్యారేజీలో ఎంత నీరుందో వాడికి అక్కర్లేదు, వాడి చేను దాకా కాలవ ఎంత పారిందన్నదే లెక్క. నాలుగు జీబీ అన్నది బ్యారేజీలో నీరు. 14.4 అన్నది కాలవ.

మా 1030 కూడా మడి కట్టుకున్నదేం కాదు. 2017లో వచ్చినది జీడీడీఆర్5తో, సెకనుకి 48 జీబీ. మరుసటేడు అదే పేరుతో డీడీఆర్4 పెట్టి ఇంకోటి దించారు, అది 16.8. మొదట మేము బేరమాడింది ఆ రెండోదాన్నే! జీపీయూ-జెడ్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం తెరిచి ఫొటో పంపమని మా వాడు అడిగాడు కాబట్టి బయటపడింది.

నాకు మండేది ఇక్కడే. మన చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగని రోల్డ్ గోల్డ్ అనే అమ్ముతారు. అది తెలిసే కొంటాం, మురిసిపోతూ పెట్టుకుంటాం. మరి ఈ కార్డులకి లోపలి సరుకు మారినప్పుడు పేరు ఎందుకు మారదు? వదినకి అమ్మిన కుర్రాడు అబద్ధం ఆడలేదు, నాలుగు జీబీ అన్నాడు, నాలుగే ఉంది. మిగతా సంగతి మా అన్నయ్య వెళ్ళి ఉంటే చెప్పేవాడేమో. కుట్టుమిషను ఆవిడకి ఎందుకనుకున్నాడేమో. చీర అంచు వేలితో రుద్ది చూసే మనం, మెమరీ ఏ రకం అని అడగలేమా?

పాతదంటే నెమ్మది అనుకోవడమూ పొరపాటే. 2014 నాటి జీటీఎక్స్ 750 టీఐ, మూడేళ్ళ తర్వాత వచ్చిన మా 1030 కంటే కాస్త ముందే ఉంటుంది. కాకపోతే దానికి 60 వాట్లు కావాలి, దీనికి 30 చాలు. మాది మా వారి ఆఫీసులో తీసేసిన సన్న డబ్బా కంప్యూటరు, అందులో పొట్టి కార్డే పడుతుంది. కొనేముందు డబ్బా వెడల్పు టేపుతో కొలిచాం. ఇంకో సంగతి, మా ఊళ్ళలో ఉప్పుగాలి. సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటే వెనక ఇనుప పట్టీ తుప్పు పట్టిందేమో చూడండి.

పిల్లలకి క్లాసులు, టైపింగు, సినిమాలే అయితే అసలు కార్డే వద్దంటాను. చాలావరకు ప్రాసెసర్లోనే బొమ్మ వచ్చే ఏర్పాటు ఉంటుంది. వదిన తెచ్చిన రకానికి మామూలు కొత్త డ్రైవర్లు 2021లోనే ఆగిపోయాయి, భద్రత కోసం ఇచ్చేవి కూడా 2024 సెప్టెంబరుతో సరి.

కనుమ నాడు గారెలు వేస్తూ వదినకి చెప్పేశాను. చెప్పకూడదనే అనుకున్నాను, కానీ తమ్ముడి కొడుక్కి కూడా అలాంటిదే కొంటానని బయల్దేరింది. కాసేపు మాట్లాడలేదు. గారె తిరగేసి, "వాడికి ముందే తెలుసా?" అంది. తెలుసన్నాను. "నాకు చెప్పలేదు చూడు పిచ్చి వెధవ" అని కొంగుతో మొహం తుడుచుకుంది, పొయ్యి సెగకేనేమో.

వెళ్ళేటప్పుడు ఆ అంకెలు ఓ కాగితం మీద రాయించుకుంది. "వచ్చే నెల నువ్వూ రా అమ్మాయ్, అడగాల్సింది మాత్రం నేను అడుగుతాను" అంది.